ఏం గాదు అన్న నోరు

ఈ రోజు పొద్దున నేనొక తప్పు చేశాను. కొత్త తప్పు కాదు. ఆరేళ్ల కిందట వికారాబాదు గుట్ట మీది క్షయ దవాఖానలో చేసిన తప్పే, అదే మాటతో మళ్లీ చేశాను.

ఈ రోజు తాండూరులో అంగడి. ఉన్ని అమ్ముకోవడానికి వచ్చిన కుర్మ లింగవ్వ దారిలో మా ఇంటి ముందు ఆగింది. ఆమె ఎప్పుడూ లోపలికి రాదు. గడప అవతలే నిలబడి మాట్లాడుతుంది. కూతురు చంద్రమ్మకు దగ్గు పట్టి నెల దాటిందని, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందని చెప్పింది. చెప్పి నా ముఖంలోకి చూసింది.

"గుట్టకు తోల్కపోవాల్నా, పంతులు? ఉత్త దగ్గేనా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదని ఎవరూ అనలేరు. నా ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది. ఆ వైపు పక్కటెముకలు కొన్ని ఆ గుట్ట మీదే తీసేశారు. అయినా నా నోరు అన్నది, "ఏం గాదు, లింగవ్వా. చలికి పట్టిన దగ్గు. నేను ప్రార్థన చేస్త, నువ్వు పో."

ఆమె ముఖం విచ్చుకుంది. అయితే పిల్లకు గాజులు కొంటానని, ఆపి ఉంచిన పెండ్లి మాట ఖాయం చేసుకుంటానని చెప్పి, ఉన్ని మూట నెత్తిన పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది.

లోపల నా భార్య మార్త జొన్న రొట్టెలు కొడుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

అది ఎందుకు ఆగిందో చెప్పాలంటే నా జబ్బు సంగతి మొదటినుంచీ చెప్పాలి.

*

1957 ఎండాకాలం.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు మిషను వాళ్లు నన్ను ఈ చుట్టుపక్కల ఏడు పల్లెలకు ఉపదేశిగా పెట్టారు. పిల్లలకు అక్షరాలు నేర్పడం, ఆదివారం ప్రార్థన నడపడం, రెండు నెలలకొకసారి పాస్టరు అయ్యగారు వచ్చినప్పుడు ఆయన ముందు సంఘాన్ని నిలబెట్టడం నా పని.

నాకు బాగా పట్టుబడిన వాక్యం ఒకటుండేది. యిర్మీయా ప్రవక్త యెరూషలేము ఆలయం గుమ్మంలో నిలబడి మాట్లాడిన భాగం. ఆ నగరం వాళ్లకు ఒక ధీమా ఉండేది. దేవుని ఆలయం మన ఊళ్లోనే ఉంది, ఇక మనకేమవుతుంది అని. విధవ నోటి దగ్గరి కూడు లాక్కుని, పరదేశిని ఏడిపించి, మళ్లీ అదే ఆలయానికి వచ్చి మేం క్షేమంగా ఉన్నాం అనుకునేవారు. ఈ గోడలు మిమ్మల్ని కాపాడవు అని ప్రవక్త అంటే ఆయన్నే చంపబోయారు. ఆ తర్వాత నగరమూ కాలింది, ఆలయమూ కాలింది.

ఈ వాక్యాన్ని నేను ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదే విసిరాను. ఆదివారం గుడికి వచ్చి మంగళవారం పోచమ్మకు కోడిని కోసేవాళ్లను చూస్తూ చెప్పేవాణ్ణి. వాళ్లు తలలు దించుకుంటే నాకు తృప్తిగా ఉండేది.

ఆ ఎండాకాలంలోనే నాకు దగ్గు మొదలైంది. దేవుని పనిలో ఉన్నవాణ్ణి, నాకేమవుతుంది అనుకున్నాను. నా ధీమాకు నేను పెట్టుకున్న ఆలయం అదే. దగ్గుతూనే ఏడు పల్లెలూ తిరిగాను. మూసిన గదుల్లో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అఆలు దిద్దించాను. ఒకరోజు రుమాలు ఎర్రబడింది. మార్త చూసి అడిగితే తమలపాకు నమిలానన్నాను.

"పదేండ్లల్ల నువ్వు ఎన్నడన్న ఆకు నమిలినవా?" అన్నది మార్త. చీర మార్చుకుని వచ్చి, పద అన్నది.

వికారాబాదులో రైలు దిగాక గుట్టకు రావడానికి టాంగా వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఒక సాయబు ఒప్పుకున్నాడు. మమ్మల్ని దవాఖాన ముందు దించి, మేం చూస్తుండగానే సీటు మీద బకెట్టు నీళ్లు కుమ్మరించుకున్నాడు. నాకు కోపం వచ్చింది. మార్త మాత్రం, "తీస్కొచ్చిండు గద," అన్నది. ఆ మాట విలువ నాకు చాలా తర్వాత తెలిసింది.

ఎదురు చూసే వరండాలో బెంచీలు పొడవుగా ఉండేవి. మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చునేవారు. ఒకరు దగ్గితే మిగతావాళ్లు చూపు అటు తిప్పుకునేవారు. నా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ నా ఎక్స్‌రే బొమ్మను వెలుగుకెత్తి చూసి, ఎన్నాళ్లనుంచి అని అడిగింది. పది రోజులన్నాను. ఆమె మార్త వైపు చూసింది. అయిదు నెలలు, అన్నది మార్త.

దవాఖానలో చేరి మంచం పట్టాల్సిందేనన్నారు. మిషను ఇచ్చిన ఇల్లు వేరే ఉపదేశికి పోయింది. మార్త వికారాబాదులో ఆడపిల్లల హాస్టలు వంటశాలలో పనికి కుదిరింది. నాలుగేళ్ల మా రూతును పరిగిలో అమ్మమ్మ దగ్గర వదిలాం. వదిలేనాడు పిల్ల నా కాళ్లకు చుట్టుకోబోతే నేను వెనక్కి జరిగాను. అది ఆటనుకుని నవ్వింది.

*

1958.

నా పక్క మంచం బీరప్పది. లింగవ్వ పెనిమిటి. కొడంగల్ రోడ్డు మీది పల్లె, గొర్రెల మంద ఉన్న ఇల్లు. గుట్ట మీద చలి ఎక్కువ. నా దుప్పటి చాలక వణుకుతుంటే మొదటి వారంలోనే తన రెండో గొంగడి నా మీదికి విసిరాడు. మా ఊళ్లల్లో అయితే నేను తాకిన గొంగడిని అతను మళ్లీ కప్పుకోడు. ఇక్కడ మాత్రం, "ఇద్దరిది ఒక్కటే రోగం, ఇంక మైల యాడిది, పంతులు?" అని నవ్వాడు.

ప్రతి శుక్రవారం మమ్మల్ని తూకం వేసేవారు. వార్డులో అందరి ప్రాణం ఆ ముల్లు మీదే ఉండేది. ఒక పౌను పెరిగినవాడు ఆ రోజంతా రాజులా తిరిగేవాడు. బీరప్ప ఒక్కడే ఆ యంత్రాన్ని నమ్మేవాడు కాదు. "గొర్రెను తూకం చూసేది కోసెటోడే," అనేవాడు.

సూదులు, నోట్లో పట్టనంత పెద్ద బిళ్లలు, పగలంతా పడక. ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరికీ జ్వరం విడిచింది. కళ్ల కింద నలుపు పోయింది. డాక్టరమ్మ మాత్రం పైన మానినట్టు కనిపించినా లోపల మానలేదని, ఇంకా ఏడాది కదలొద్దని చెప్పింది. అప్పుడే లింగవ్వ వచ్చి మందకు ఏదో తెగులు తగిలిందని, కాసే మనిషి లేక గొర్రెలు చెదిరిపోతున్నాయని చెప్పి ఏడ్చి వెళ్లింది.

ఆ సాయంత్రం బీరప్ప నా మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నీకు పుస్తకమొస్తది. దేవునితోటి మాట్లాడుతవు. చెప్పు, పంతులు. నేను ఇంటికి పోవచ్చునా?"

తెలియదని చెప్పవచ్చు. డాక్టరమ్మ మాట వినమని చెప్పవచ్చు. ఆ రెండూ నా నోటిదాకా వచ్చాయి. కానీ అతను తలపాగా తీసి, నా ముందు తల వంచాడు. నేను ఊరి బయటి వాడలో పుట్టినవాణ్ణి. కుర్మ ఇంటి పెద్ద నా చేతి కింద తల పెట్టడం నా పుట్టుకలో అదే మొదలు. అయ్యగారికి ఉత్తరం రాస్తున్నట్టు, ఒక కుర్మ ఇల్లు ప్రభువులోకి వచ్చిందని నలుగురూ చెప్పుకుంటున్నట్టు ఆ క్షణంలోనే ఊహించుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. నాకూ ఇంటికి పోవాలనే ఉంది. అతన్ని పొమ్మంటే రేపు నన్ను నేను పొమ్మనుకోవడం తేలిక.

తల మీద చెయ్యి పెట్టి పెద్దగా ప్రార్థన చేశాను. తర్వాత అన్నాను, "దేవుడు నిన్ను ముట్టిండు, బీరప్ప. నాకు తెలుస్తున్నది. ఏం గాదు. పో."

మూడో రోజు ఉదయం మంచం ఖాళీగా ఉంది. గొంగడి నా కాళ్ల దగ్గర మడతపెట్టి ఉంది. డాక్టరమ్మ వార్డు మధ్యలో నిలబడి, ఇతన్ని పొమ్మని చెప్పిందెవరని అడిగింది. రెండుసార్లు అడిగింది. నేను అతని గొంగడినే ముఖం మీదికి లాక్కున్నాను.

ఆ వారంలోనే, బైబిలు వరుసగా చదువుతూ పోతుంటే, హనన్యా కథ వచ్చింది. యిర్మీయా మెడ మీద చెక్క కాడి వేసుకుని, పరాయి రాజు కాడి కింద మెడ పెట్టక తప్పదని చెబుతూ తిరుగుతుంటాడు. హనన్యా అనే ఇంకో ప్రవక్త గుడిలో అందరి ముందూ ఆ కాడిని విరిచి, ఆ రాజు దోచుకుపోయినదంతా రెండేళ్లలో తిరిగి వస్తుంది, భయం లేదు అంటాడు. జనానికి ఆ మాటే నచ్చి ఉంటుంది. ఎవరికి నచ్చదు? తర్వాత యిర్మీయా వచ్చి, నువ్వు విరిచింది చెక్క కాడి, దాని బదులు వీళ్ల మెడకు ఇనుప కాడి తెచ్చావు అంటాడు. దేవుడు పంపకుండానే నమ్మించావు, ఈ ఏడే చస్తావు అంటాడు. హనన్యా చచ్చిపోయాడు.

నేను ఆ పేజీ తిప్పేశాను. నెల పదిరోజులకు నేనూ గుట్ట దిగాను.

*

1959.

తాండూరు గుడిలో సాక్ష్యం చెప్పాను. బాగున్నానని, దేవుడు బాగుచేశాడని. పరిగి నుంచి రూతును తెచ్చుకున్నాం. అది నన్ను ఇంటికి వచ్చిపోయేవాళ్లలాగే పంతులూ అని పిలిచింది. మార్త దాన్ని సరిదిద్దబోతే నేనే వద్దన్నాను.

వర్షాలు పడ్డాక ఒక ఆదివారం, వాక్యం మధ్యలో నోట్లో ఉప్పగా తగిలింది. ఈసారి రుమాలు సరిపోలేదు. ముందు వరసలోని ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. మార్త ఒక్కతే లోపలికి వచ్చింది.

మళ్లీ అదే వరండా, అవే బెంచీలు. నేను కూర్చోలేక గోడకు చేరగిలబడి ఉంటే ఎవరో పంతులూ అని పిలిచారు. చూస్తే లింగవ్వ. నుదుట బొట్టు లేదు. పక్కన ఆమె పెద్దకూతురు నాగమ్మ. పదహారేళ్లుంటాయి. తల్లి భుజం మీద తల వాల్చి ఉంది.

బీరప్ప ఇంటికి పోయిన ఏడో నెల చనిపోయాడట. మంచాన పడ్డాక అన్నీ చూసుకున్నది నాగమ్మ. తినిపించింది, పక్కనే పడుకుంది, ఉమ్మి ఎత్తిపోసింది. మధ్యలో తిరిగి గుట్టకు పోదామని లింగవ్వ ఎన్నోసార్లు అడిగిందట.

"ఇనలే, పంతులు. సచ్చేదాంక గదే మాట. ఏం గాదు, పంతులు చెప్పిండు, అని."

ఆ మాటలో నింద లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను. నా మీద నమ్మకంతో ఆమె పెనిమిటి భయం లేకుండా పోయాడని, అందుకు ఆమె నాకు కృతజ్ఞతతో ఉంది. అప్పుడే చెప్పేయాల్సింది. నేను దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాను.

నాగమ్మను ఆడవాళ్ల వార్డులో వేశారు. ఊడ్చే ముసలమ్మతో రోజూ కబురు పంపేది, పంతులు నా కోసం ప్రార్థన చేస్తున్నాడా అని. చేస్తున్నాడని చెప్పమనేవాణ్ణి. చేయడానికి నాకు నోరు రాలేదు. ఎవరి పేరు ఎత్తి అడగాలి, ఏ ముఖంతో అడగాలి? ఒక ఉదయం ముసలమ్మ కబురు లేకుండానే వచ్చి, నా మంచం చుట్టూ ఊడ్చి వెళ్లిపోయింది. నాగమ్మ ఇక లేదని నాకు అర్థమైంది.

ఆ తర్వాత నన్ను కోసి, పక్కటెముకలు తీసి, ఎడమ ఊపిరితిత్తిని అణిచేశారు. నొప్పి గురించి రాయను. అందరి నొప్పీ ఒకటే. స్పృహ వచ్చాక ఒకటే ఆలోచన. హనన్యా ఆ ఏడే పోయాడు. నేనెందుకు పోలేదు? తీర్పంటే ఆకాశం నుంచి నిప్పు పడటమని నేను ఏడు పల్లెల్లో చెప్పాను. నిప్పు నా మీద పడలేదు. నా మాట నమ్మిన ఇంటి మీద పడింది. నేను మాత్రం పాలు తాగుతూ, శుక్రవారం శుక్రవారం తూకంలో పెరుగుతూ వచ్చాను.

*

ఇప్పటికి.

1960లో ఇంటికి పంపారు. జబ్బు నయమైందన్నారు. ఈ నాలుగేళ్లుగా అక్షరాలు చెప్పే పని మాత్రం చేస్తున్నాను. వాక్యం చెప్పడం మానేశాను. గొంతు బాగాలేదని అందరికీ చెప్పుకున్నాను. లింగవ్వ అంగడికి వచ్చినప్పుడల్లా మా గడప దగ్గర ఆగుతూనే ఉంది. మా ఆయన నిన్ను నమ్మిండు అంటుంది. అన్నప్పుడల్లా నేను తల ఊపాను. ఒక్కసారీ నిజం చెప్పలేదు.

జబ్బుపడి ఇది చదివేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు ఒకటి చెప్పాలి. జ్వరం విడవడం, ఒళ్లు చేయడం, నాబోటి వాడు తల మీద చెయ్యి పెట్టడం, ఇవేవీ నమ్మకండి. లోపలి పుండు పైచర్మాన్ని అడిగి మానదు.

పొద్దున రొట్టెల చప్పుడు ఆగాక మార్త పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. తర్వాత అడిగింది.

"చంద్రమ్మ తర్వాత లింగవ్వకు ఇంకో బిడ్డ ఉన్నదా?"

లేదని ఆమెకూ తెలుసు. నేను లేచాను. పెట్టె అడుగున ఉన్న బీరప్ప గొంగడి తీసి భుజాన వేసుకుని అంగడికి నడిచాను.

ఒకే ఊపిరితిత్తి మీద అంత వేగంగా నడవకూడదు. ఉన్ని కొనేవాళ్ల దగ్గర ఆమె లేదు. లింగవ్వ గాజుల ఖాసింబీ గంప ముందు కూర్చుని, చంద్రమ్మ చెయ్యి కొలత కోసం తెచ్చిన దారపు చుట్టను గాజుల్లో పెట్టి చూసుకుంటోంది. పచ్చ గాజులు.

"లింగవ్వా, పొద్దుగాల నేను చెప్పింది అబద్ధం. చంద్రమ్మను ఇయ్యాల్నే గుట్టకు తోల్కపోవాలె."

"గిప్పుడే గద ఏం గాదంటివి." నేను పరాచికమాడుతున్నానేమోనని సగం నవ్వింది.

"బీరప్పకు చెప్పింది గూడ అబద్ధమే. దేవుడు నాతోని ఏం చెప్పలే. నేనే చెప్పిన."

నవ్వు ఆగింది. గంప చుట్టూ ఉన్న ఆడవాళ్లు నావైపు తిరిగారు. ఆమె నా భుజం మీది గొంగడిని గుర్తుపట్టింది. దాన్నే చూస్తూ అడిగింది.

"మరెందుకు చెప్పినవ్?"

"నా ముందల తల వంచిండు. నాకు మంచిగనిపిచ్చింది."

అంతకంటే మంచి కారణం ఒకటైనా ఉంటే బాగుండేది. లేదు. ఆమె కొడుతుందేమో అనుకున్నాను. కొడితే తేలికపడేవాణ్ణి. కొట్టలేదు. గొంగడి నా భుజం మీదినుంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుని, దాని అంచు దారాలను వేళ్లతో తడుముతూ కూర్చుంది.

బేరం పోతుందేమోనని ఖాసింబీ ఓపిక పట్టలేకపోయింది. "ఏమమ్మా, గాజులు కట్టాల్నా, తీసెయ్యాల్నా? జర చెప్పు."

"కట్టు," అన్నది లింగవ్వ. "దవాఖానల ఏసుకుంటది."

నావైపు చూడకుండానే లేచి అడిగింది, రైలు ఎన్ని గంటలకని.

లింగవ్వ పల్లెకు పోయి చంద్రమ్మను వెంటబెట్టుకొచ్చింది. మధ్యాహ్నం ప్యాసింజరుకు ముగ్గురం ఎక్కాం. లింగవ్వ పెట్టెకు ఆ చివర కూర్చుంది. చంద్రమ్మ నా ఎదుట కూర్చుని, దవాఖాన దాకా ఆగలేక వేసుకున్న కొత్త గాజులను మోచేతిదాకా జరుపుకుంటోంది. అవి వదులుగా ఉన్నాయి. దారం కొలత తీసిన నాటికంటే చెయ్యి సన్నబడింది. అక్క ముఖమే.

"నాకేమన్న అయితదా, పంతులు?"

నోట్లో ఆ పాత మాట తయారుగా ఉంది. మింగాను.

"తెల్వదు, బిడ్డ."

పిల్ల తల ఊపి కిటికీ వైపు తిరిగింది.

గుట్ట మీద అదే డాక్టరమ్మ. జుట్టు నెరిసింది. బొమ్మను వెలుగుకెత్తి చూసినప్పుడు నాకు చెప్పనవసరం లేకపోయింది. ఆ మచ్చలు చదవడం నాకూ వచ్చు. రెండు వైపులా ఉన్నాయి. ఆలస్యమైందని, అయినా మంచం ఇస్తానని ఆమె అన్నది. లింగవ్వ అప్పుడు నావైపు చూసింది. అలవాటు కొద్దీ, ఏమంటానో అని. డాక్టరమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, ఆరేండ్ల కింద మొగోళ్ల వార్డుల నిలబడి బీరప్పను పొమ్మన్నదెవరని అడిగిండ్రు. నేనే."

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది.

"ఏ బీరప్ప?" అన్నది.

లింగవ్వ గొంగడిని గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. నేను మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.